ఆగస్టులో గాలి, నవంబరులో గింజలు

గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల మధ్య ఒక ప్రాథమిక బడి. జూన్ నెల, సాయంత్రం బెల్లు కొట్టేశారు. మూడో తరగతి దాకా పిల్లలకు ఈ ఏడాది ఏ నెలలో ఏ సైన్సు పాఠం చెప్పాలో అనుకుంటూ ఇద్దరు టీచర్లు కూర్చున్నారు. సంధ్యారాణి ఈ బడిలోనే తల నెరిసిన మనిషి. విద్య ఈమధ్యే చేరింది.

"జూన్‌ల మన శరీరం. కండ్లు, ముక్కు, చెవులు. అది బాగనే ఉన్నది విద్యా. రాసుకో."

"రాసేశాను మేడం. జులైలో వాన. వానలు పడుతుంటే పిల్లల్ని బయటికి తీసుకెళ్లి గ్లాసుల్లో నీళ్లు పట్టిద్దాం. ఎవరి గ్లాసులో ఎంత పడిందో వాళ్లే చూసుకుంటారు."

"మంచిగుంటది. పిల్లలు తడిసిన్రని తల్లులు మన మీదికి వస్తరు, గంతే."

"రానివ్వండి. ఆగస్టులో గాలి."

"గాలి వద్దు."

"అదేంటండీ?"

"వద్దంటున్న గద. ముందటికి పో. సెప్టెంబరు చెప్పు."

"ఆగండి మేడం. గాలి లేకుండా సైన్సేంటి? అన్నిటికంటే తేలిక పాఠం అది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి, పైన గాజు గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి దీపం దానంతటదే..."

"ఏమైతదో నాకు తెల్సు."

"పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారండీ. అగ్గిపుల్లంటే భయమైతే నేనే వెలిగిస్తాను."

"భయమేం లేదు. రాఖీలు చేపియ్యి. జెండాలు చేపియ్యి. పతంగులు చేపియ్యి. ఆగస్టు గట్లనే ఎల్లిపోతది."

"పతంగులంటే మళ్లీ గాలేగా?"

"పేరు తియ్యకుంట చేపియ్యరాదు?"

"సరే, సరే. గాలి దగ్గర ప్రశ్నార్థకం పెట్టాను. సెప్టెంబరులో వెలుతురు, నీడలు. తలుపులూ కిటికీలూ మూసేసి, గది చీకటి చేసి, టార్చిలైటు వేసి..."

"అది గూడ వద్దు."

"నీడలు కూడానా!"

"నీడలు ఎండల చూపియ్యి. గ్రౌండ్ల నిలవెట్టు, చాక్‌పీసుతోని గీతలు గీయమను. తలుపులు మూసుడు మాత్రం పెట్టుకోకు."

"పోనీలెండి, ఎండలోనే. అక్టోబరులో దసరా సెలవులు పోగా మిగిలిన రోజుల్లో మట్టి. 'మన కాళ్ల కింద ఏముంది?' అని పేరు పెట్టాను. పైన మెత్తటి మట్టి, దాని కింద ఇసుక, రాళ్లు, ఇంకా కిందకి పోతే మన ఊళ్లో బొగ్గు. ఈ పాఠం ఈ పిల్లలకి చెప్పినంత బాగా ఇంకెక్కడా చెప్పలేమండీ. ఒక్కొక్కళ్ల నాన్ననీ పిలిపించి..."

"కొట్టెయ్యి."

"మేడం!"

"కొట్టెయ్యమంటున్న. నవంబరు ఏంది?"

"నవంబరు గింజలు. బొబ్బర్లు నానబెట్టి, కప్పుల్లో మట్టి పోసి..."

"అమ్మో. గింజలు అసలుకే వద్దు."

"గింజలేం చేశాయండీ? గాలి వద్దు, చీకటి వద్దు, మట్టి వద్దు, గింజలు వద్దు. ఇలా కొట్టేసుకుంటూ పోతే ఏడాదికి మిగిలేవి వానా, ముక్కూ, చెవులూ. హెడ్‌మాస్టరు గారు మీ దగ్గర కూర్చుని రాసుకోమన్నారు. సైన్సు చెప్పడంలో మీ అంతటివాళ్లు లేరన్నారు. ఇదేనా అండీ?"

"చిన్న పిల్లలు. ముక్కు, చెవులు సాలయి వాళ్లకు."

"ఎందుకో చెప్పండి, వింటాను. ఊరికే వద్దంటే... అదేంటి? సైరనా?"

"ఆ. కిటికీ రెక్క పట్టుకో. ఓపెన్‌కాస్టు క్వారీల బొగ్గు పగలగొట్టనీకి బ్లాస్టింగ్ చేస్తరు ఈ టైముకు. బల్ల మీద గ్లాసు తియ్యి, పడ్తది. గట్టిగ పట్టుకో."

"అమ్మో! నేల మొత్తం..."

"అయిపోయింది. అయిపోయింది, కూసో. నాలుగొద్దులైతె అలవాటైతది."

"మా క్వార్టరు దగ్గర ఇంతలా అదరదండీ. పుట్టింది ఇక్కడే కానీ నా చదువంతా రాజమండ్రిలో, అమ్మమ్మ దగ్గర. ఇవన్నీ మర్చిపోయాను."

"ఆఫీసర్ల క్వార్టర్లు దూరముంటయి గద. ఇది క్వారీకి దగ్గర. పై పెంకులు గూడ ఒకటిరెండు జరుగుతయి."

"మేడం."

"ఏంది?"

"బ్లాస్టింగ్ ఆగిపోయింది కదా. మరి ఆ చప్పుడేంటి?"

"ఏ సప్పుడు?"

"వరండాలోంచి. ఎవరో గెంతుతున్నట్టు. ఇదిగో, మళ్లీ. వినబడట్లేదా మీకు?"

"ఏం లేదు. పిల్ల."

"ఏ పిల్ల? అందరూ ఇళ్లకి వెళ్లిపోయారుగా."

"హర్షిణి. మూడో తరగతి. వాళ్లమ్మ వచ్చేదాక వరండల ఆడుకుంటది. గట్ల చూడకు. కిటికీల నుంచి చూడకు విద్యా, దానికి తెలుస్తది."

"ఆడుకోవడం కాదండీ అది. చెప్పులు విప్పేసి నేలని కాళ్లతో కొడుతోంది. ఇప్పుడు వంగింది... మేడం, నేలకి చెవి ఆనిస్తోంది."

"చూడకన్న గద."

"ఏం వింటోందండీ?"

"ముందుగాల ఆ తలుపు దగ్గరికేసి రా. కూసో. చెప్పకుంటె నువ్వు ఇడిసేటట్టు లేవు."

"చెప్పండి."

"పోయినేడు దసరాకు ముందట ఇక్కడొక బాయిల మంట లేచింది. పేపర్ల చూసినవా?"

"చూశాను. నాన్నగారు కూడా ఫోన్లో చెప్పారు. గనిలో కొందరు చిక్కుకున్నారని..."

"చిక్కినోళ్లంత బయటవడ్డరు, ఒక్కడు తప్ప. జగదీశ్వర్. గీ పిల్ల తండ్రి."

"అయ్యో. మరి శవం..."

"ఆ మాట అనకు. గీ బడిల ఆ మాట ఎవ్వరం అనం."

"సారీ మేడం."

"లోపట పాత పని జాగలల్ల మిగిలిన బొగ్గు ఉంటది. అది తనంతల తనే రాజుకుంటది ఒక్కోసారి. గట్ల రాజుకున్నది. రెస్క్యూ వాళ్లు దిగిన్రు. పొగకు ఆగలేక వెనుకకు వచ్చిన్రు. మల్ల దిగిన్రు. వాళ్లను నేనొక్క మాట గూడ అనను, నా కండ్లతోని చూసిన, పైకి వచ్చిన పిలగాండ్ల మొఖాలు నల్లగై, కక్కుకుంట పడ్డరు. అయినా మల్ల దిగుతమన్నరు. ఆఖరికి లోపటి గాలి పరీక్ష చేసి, పాణమున్నోడు ఎవ్వడు ఉండడు ఇగ, అన్నరు. గోడ కట్టిన్రు."

"గోడెందుకు?"

"గాలి పోకుంట. గాలి అందకుంటె మంట ఆరుతది. అర్థమైందా?"

"అయింది మేడం. ఆగస్టు పాఠం."

"పోయినేడు ఆగస్టుల గాలి పాఠం చెప్పింది నేనే. ఏండ్ల సంది చెప్తున్న, కొత్తదేం గాదు. గిదే గది. గ్లాసు బోర్లిచ్చిన. పిల్లలు ఊపిరి బిగవట్టి చూస్తున్నరు. దీపం సన్నగైంది, సన్నగైంది, పోయింది. అందరు సప్పట్లు కొట్టిన్రు. హర్షిణి ఒక్కతి కొట్టలే. ఉరికొచ్చి గ్లాసు లేపింది. లేపి చూస్తుంది. 'టీచర్, ఇప్పుడు గాలి వచ్చింది గద, మల్ల ఎందుకు అంటుకుంటలేదు?' అన్నది."

"మీరేమన్నారు?"

"ఏమంట? ఒకసారి ఆరినంక గాలి ఒక్కటే సాలదు బిడ్డా అన్న. అప్పటికి అది పాఠమే. నెల తిరిగేసరికి గోడ కట్టిన్రు. కాలనీల ఏ ఇంట్ల చూసినా అదే ముచ్చట, గాలి బందు వెట్టిన్రు, గాలి బందు వెట్టిన్రు అని. పిల్లలకు ఇనవడదా? క్లాసుల ఒక పిల్లగాడు లేచి నిలవడ్డడు. 'టీచర్, బాయి మీద గ్లాసు బోర్లిచ్చిన్రట గద' అన్నడు."

"దేవుడా."

"కావాలని అనలే వాడు. పాఠం మంచిగ గుర్తుపెట్టుకున్న పోరడు. క్లాసంత ఒక్కసారే హర్షిణి దిక్కు తిరిగింది."

"ఆ పాప ఏం చేసింది?"

"ఏం చెయ్యలే. నోటుబుక్కుల ఆవు బొమ్మకు రంగేస్తుంది. తల ఎత్తలే. రంగేసుకుంటనే ఉన్నది. బెల్లు కొట్టినా ఏస్తనే ఉన్నది, కాయితం చిరిగిందాక."

"ఇంతకీ ఆ పాపకి చెప్పారా, లేదా?"

"చెప్పనిస్తెనా వాళ్లమ్మ? దీప. 'బాపుకు పెద్ద డ్యూటీ వడ్డది, దూరం డ్యూటీ, ఆలస్యమైతది' అని చెప్పింది పిల్లకు. గోడ కట్టిన తెల్లారే బడికి వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నది. 'టీచర్, నా బిడ్డ ముందట ఎవ్వరు ఆ మాట తియ్యద్దు. తీసిన్నాడు దీన్ని బడి మాన్పిస్త, ఊరిడిసి పోత' అన్నది. ఆ చేతులు ఎంత సల్లగున్నయో. మాటిచ్చిన."

"ఏడాది కావస్తోంది మేడం. ఇంకా డ్యూటీలోనే ఉన్నాడంటే ఎలా నమ్ముతుంది?"

"నమ్మేటట్టు చేస్తది ఆమె. దినాలు చెయ్యలే. అత్త సారక్క నెత్తి కొట్టుకుంటది, నా కొడుకు పేరు మీద ఇంత ముద్ద పెట్టనియ్యవా అని. దీప బొట్టు తియ్యలే, గాజులు తియ్యలే. ఉద్యోగమిస్తం, సంతకం పెట్టమ్మా అని కంపెనోళ్లు వస్తె, మా ఆయనకు ఉద్యోగం ఉండంగ నాకెందుకు అని పంపిచ్చింది. ఆయన అంగీలు ఉతికి ఆరేస్తది. షిఫ్టు టైముకు అన్నం డబ్బ కట్టుకొని బాయి గేటు కాడికి పోతది. ఇప్పుడు గూడ గక్కడికే పోయింది."

"డబ్బా ఎవరు తీసుకుంటారండీ?"

"వాచ్‌మన్ పోశం తీసుకుంటడు. ముసలోడు. ఏం చేస్తడు పాపం. మొదట్ల వద్దమ్మా అన్నడట. గేటు పట్టుకొని కదలలేదట. ఇగ తీసుకుంటుండు. తెల్లారి కాళీ డబ్బ వాపస్ ఇస్తడు."

"పిల్ల కోసం ఇంతలా నటించాలంటే ఆవిడ మనసు ఎంత రాయి చేసుకోవాలో."

"పిల్ల కోసం తల్లి ఏదన్న చేస్తది."

"మరి ఆ కాళ్లతో కొట్టడం?"

"అది వాడు నేర్పిన ఆట. జగదీశ్వర్. 'మా బాయి మీ బడి కిందికెల్లే పోతది బిడ్డా, నువ్వు కాళ్లతోని తపతప కొడితె నాకు ఇనవడతది, నేను కిందికెల్లి సుత్తెతోని కొడత' అనేటోడు. పిల్లను ఆడిచ్చుడు. ఇంటర్వెల్‌ల ఇది కొట్టేది, మా బాపు ఇన్నడు అని నవ్వేది. ఇప్పుడు బ్లాస్టింగ్ అయి నేల అదిరినప్పుడల్ల చెప్పులు ఇప్పుతది."

"బాబోయ్. ఇందాక కొట్టింది అందుకా మేడం?"

"వాడు నా దగ్గర్నే చదివిండు తెల్సా? గీ గదిల్నే. ఆ కిటికీ కాడ కూసునేటోడు. పలక పగిలితె బాపు కొడతడని నా కొంగు పట్టుకొని ఇంటిదాక వచ్చిండు ఒకనాడు. నేనే కొనిచ్చిన. వానికి గాలి పాఠం చెప్పింది గూడ నేనే. వాడు గూడ గట్లనే చూసిండు దీపం దిక్కు, నోరు తెరుచుకొని."

"నీడల పాఠం వద్దన్నది కూడా..."

"పోయినేడు వాన్నే పిలిచిన. టోపీ, లాంపు పట్టుకొని వచ్చిండు. తలుపులు మూసినం. చీకటి. లాంపు ఏసి, చేతులతోని గోడ మీద కుక్క, కొంగ, కుందేలు చేసి చూపిచ్చిండు. పిల్లలు ఒక్కటే కేకలు. ఒక పిల్ల అడిగింది, లోపట మీకు భయం కాదా అని. 'లాంపున్నంక భయమేంది' అన్నడు. లాంపు ఎంతసేపుంటది విద్యా?"

"మేడం..."

"షిఫ్టంత ఉంటదట. అడిగి తెల్సుకున్న నేను. తర్వాత ఆరిపోతదట."

"నీళ్లు తాగండి. ఇదిగో."

"ఇంకొకటి చెప్త. నవ్వకు."

"నవ్వనండీ."

"మొన్న ఎండాకాలం సెలవులల్ల ఒక ఆదివారం బడికి వచ్చిన, ఛార్టులు సర్దుదామని. స్టోర్ రూంల ఒక్కదాన్నే ఉన్న. కాళ్ల కింద సప్పుడు. తప్, తప్, తప్. ఆగింది. మల్ల."

"పంపు అయ్యుంటుంది."

"ఆ బాయి పంపులు బందు వెట్టిన్రు."

"క్వారీ లారీలు."

"ఎవరో సచ్చిపోతె ఆనాడు క్వారీ గూడ బందే."

"మరి ఏమిటండీ అది?"

"ఏమో. నేను గూడ చెప్పులు ఇప్పిన. ఇప్పి, కాలుతోని కొట్టిన. ఆ పిల్ల కొట్టినట్టే. కొట్టి, వంగి, నేల మీద చెయ్యి పెట్టిన."

"వచ్చిందా?"

"వచ్చింది. రాలేదో. నాకే తెల్వది. తలుపు గూడ తాళమెయ్యకుంట ఇంటికి ఉరికిన. నాకు తెల్సు విద్యా, సైన్సు చెప్పేదాన్ని, లోపట ఎవ్వడు ఉండడని నాకు తెల్సు. కానీ ఆనాటి సంది బోర్డు మీద 'గాలి' అని రాద్దామంటె చెయ్యి లేస్తలేదు. ఆ కిటికీ కాడ కూసోని వాడు ఇంటుండనిపిస్తది. టీచర్, మరి నాకు గాలి ఏదీ అంటడనిపిస్తది. ఏడువకు విద్యా. నువ్వేడిస్తె నాకు వస్తది."

"ఏడవట్లేదండీ. గింజల సంగతి కూడా చెప్పేయండి. ఏం జరిగింది?"

"గోడ కట్టినంక వచ్చిన పాఠం అది. పిల్ల మాట్లాడుతలేదు, ఆడుతలేదు, జర మనసు మల్లుతదని పెట్టిన. బొబ్బెర్లు నానవెట్టి, టీ కప్పులల్ల మన్ను పోసి పెట్టినం. మొలకలు వచ్చినయి. హర్షిణి కప్పుల అన్నిటికంటె ముందుగాల వచ్చింది. అన్నాళ్లకు నోరు ఇప్పింది. 'మన్నుల కప్పెట్టినా చావలేదా టీచర్?' అన్నది."

"అయ్యో."

"చావది బిడ్డా, నీళ్లు పోస్తె పైకి వస్తది, అన్న. గింజ ముచ్చట చెప్పిన నేను. దాని మొఖం ఎలిగింది. గంత ఎలుగు నేను చూడలే. ఆ తెల్లారి నుంచి బడి ఇడిసిపెట్టంగనే క్వార్టర్ల ఎనుక కంచె కాడికి పోవుడు, వాటర్ బాటిల్‌ల నీళ్లు బాయి దిక్కు నేలల పోసుడు. ఒకనాడు నేనే పోయి చూసిన. వంగి మెల్లగ పోస్తుంది, కప్పుల పోసినట్టు, మన్ను చెదరకుంట. ఎనుక దీప నిలవడ్డది, కొంగు నోట్ల కుక్కుకొని. నన్ను చూసి తల అడ్డంగ ఊపింది. ఏం అనద్దని."

"ఇప్పటికీ పోస్తోందా?"

"వానలు పడ్డా పోస్తది."

"మేడం, ఒక మాట అంటాను. కోప్పడకండి."

"అను."

"గింజ మొలుస్తుందని చెప్పి, మనిషి మొలవడని చెప్పకపోతే మనం సగం పాఠమే చెప్పినట్టు. మీరు ఈ ఏడు గాలి తీసేస్తారు, మట్టి తీసేస్తారు. వచ్చే ఏడు? పై తరగతుల్లో ఎవరో ఒకరు చెప్పరా? ఏదో ఒకరోజు ఆ పిల్లకి తనంతట తనకే తెలుస్తుంది. అప్పుడు మన దగ్గరికొచ్చి, టీచర్, మీకు ముందే తెలుసు కదా, నాతో ఏడాదంతా నీళ్లు పోయించారెందుకు అని అడిగితే?"

"నువ్వు కొత్తదానివి. చెప్పి నీ క్వార్టర్‌కు నువ్వు పోతవు. ఆ పిల్ల ఇంటికి పోయి, ఆ తల్లి పక్కల పండుకోవాలె."

"అందుకేనండీ. వాళ్లమ్మతో ఒక్కసారి మాట్లాడదాం."

"మాట్లాడలేదనుకున్నవా? మొన్న ఉగాదికి గూడ పోయిన. దీపా, పిల్ల ఎదుగుతుంది, ఎన్నొద్దులు దాస్తవు అన్న. చాయ్ పెట్టింది. నాకొక కప్పు, ఆమెకొక కప్పు, ఇంకొకటి మూత పెట్టి పక్కకు ఉంచింది. పిల్ల ఎదురుంగ కూసోని రాసుకుంటుంది. ఏం మాట్లాడాలె ఇగ నేను?"

"సరే. సరే మేడం. డిసెంబరు చూద్దాం పోనీ."

"చూడు."

"డిసెంబరులో... జీవులు, నిర్జీవులు. ఏవి ప్రాణమున్నవి, ఏవి లేనివి. కొట్టేయనా?"

"ఉండనియ్యి. వద్దు... ఉండనియ్యి. ఏమో విద్యా, నాకు తోస్తలేదు."

"టీచర్, లోపటికి రావచ్చా?"

"హర్షిణీ! రా బిడ్డా. ఎప్పుడు వచ్చినవు తలుపు కాడికి?"

"ఇప్పుడే టీచర్. బాటిల్‌ల నీళ్లు అయిపోయినయి."

"ఇటియ్యి, నేను నింపుత. మీ అమ్మ ఇంక రాలేదా?"

"వస్తది. బాపుకు డబ్బ ఇచ్చి వస్తది. మీరు కొత్త టీచరా?"

"అవునమ్మా. నా పేరు విద్య."

"సైన్సు మీరు చెప్తరా?"

"మీ టీచరూ నేనూ కలిసి చెప్తాం. ఏ నెలలో ఏ పాఠమో ఇప్పుడు అదే చూస్తున్నాం."

"గాలి పాఠం ఉన్నదా?"

"నీకెందుకు బిడ్డా గవన్ని? ఇగో నీ బాటిల్. పోయి ఆడుకో."

"గాలి పాఠం లేకున్నా మంచిదే. గింజల పాఠం మాత్రం తియ్యకుండ్రి టీచర్."

"గింజలంటే నీకు అంత ఇష్టమా అమ్మా?"

"పోయినేడు నా కప్పుల మొలక వచ్చింది గద. ఇంటికి తీస్కపోయి చూపిచ్చిన. ఆనాడు అమ్మ అన్నం తిన్నది. రెండుసార్లు ఏసుకున్నది."

"మామూలుగా తినదా అమ్మ?"

"తింటది. నేను కంచె కాడ నీళ్లు పోసిన్నాడు తింటది. జరమొచ్చి నేను పోలేదు ఒకనాడు, ఆనాడు తినలే."

"విద్యా, ఇగ సాలు. పిల్లను పోనియ్యి."

"ఒక్క నిమిషం మేడం. హర్షిణీ, ఇలా రా. ఇక్కడ కూర్చో. నువ్విప్పుడు మూడో తరగతి, పెద్దదానివయ్యావు. నీకొక సంగతి చెప్పాలి. గింజ ఉంది చూడు, గింజ వేరు, మనిషి వేరు. గింజ లోపల..."

"విద్యా! నేను మాటిచ్చిన."

"మీరిచ్చారు మేడం, నేనివ్వలేదు. చెప్పనివ్వండి. గింజని మట్టిలో పెడితే, దాని లోపల..."

"తెల్సు టీచర్."

"ఏం తెలుసమ్మా?"

"మనిషి గింజ కాదని."

"హర్షిణీ. ఇటు చూడు బిడ్డా. నా దిక్కు చూడు. ఎప్పటి నుంచి తెల్సు నీకు?"

"శానొద్దుల సంది తెల్సు. గోడ కట్టిన్నాటి సంది."

"మరి గట్ల నేలకు చెవి పెడుతవేంది?"

"ఊకె. బాపు ఆట గద. సప్పుడు రాదు టీచర్, నాకు తెల్సు. మీరు ఏడుస్తున్నరా?"

"లేదు, లేదు. నాకేమైంది? మరి నీళ్లెందుకు పోస్తున్నవు బిడ్డా? వానల గూడ తడుసుకుంట పోయి, రోజు ఎందుకు పోస్తున్నవు? ఇన్నొద్దులు మా ఎవ్వరితోని ఒక్క మాట ఎందుకు అనలే?"

"మెల్లగ మాట్లాడుండ్రి టీచర్, అమ్మ బడి గేటు కాడికి వచ్చింది. బాపు రాడని అమ్మకింకా తెల్వది."